అల్యూమినియం పడవ మీద సొంతంగా డెక్ కట్టేటప్పుడు తుప్పు రాకుండా చూసుకోవడం ఎలా

అమెరికాలో చెరువుల మీద చేపల వేట మొదలుపెట్టేవాళ్లకు తక్కువ ఖర్చులో దొరికే పడవ జాన్ బోట్. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, ఒళ్లంతా పల్చటి అల్యూమినియం రేకు, లోపల రెండు మూడు అడ్డబల్లలు, అంతే. కొన్న కొద్దిరోజులకే ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: ముందు భాగంలో నిలబడి గాలం విసరడానికి ఒక డెక్ ఉంటే బాగుండు. వెంటనే హార్డ్‌వేర్ షాపుకి వెళ్లి, వానకి తట్టుకుంటుందని చెప్పే ఆకుపచ్చ ఛాయ ప్లైవుడ్ తెచ్చి, గరాజ్‌లో మిగిలిన స్క్రూలతో బిగించి, పైన కార్పెట్ అంటించేస్తారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత పడవలోకి నీళ్లు వస్తున్నాయని డెక్ విప్పితే, చెక్క ఆనిన చోటల్లా రేకు మీద తెల్లటి పొడి, ఆ పొడి కింద సూదిబెజ్జాలు.

అల్యూమినియానికి తుప్పు పట్టదని మనలో చాలామంది నమ్మకం. ఇనుములా ఎర్రగా పట్టదు, నిజమే. కానీ ఆవకాయని అల్యూమినియం గిన్నెలో నిల్వ ఉంచితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. పడవలో జరిగేది కూడా దాదాపు అదే, కాస్త నెమ్మదిగా. పైగా డెక్ కట్టాక అది మీ కంటికి కనపడదు. అందుకే ఈ పనిలో డెక్ ఎంత గట్టిగా ఉందన్నదానికంటే, దాని కింద రేకు ఎంత పొడిగా ఉంది, ఏడాదికోసారి విప్పి చూసుకునే వీలుందా అన్నవే ముఖ్యం. కింద చెప్పేదంతా 14 నుంచి 16 అడుగుల జాన్ బోట్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది.

ముందు, రేకు ఎందుకు తినేస్తుందో కాస్త

అల్యూమినియానికి గాలి తగలగానే దాని మీద కంటికి కనపడనంత పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీత పడినా క్షణాల్లో మళ్లీ కట్టుకుంటుంది. ఆ పొర ఉన్నంతకాలం లోహం భద్రం. దాన్ని చెడగొట్టేవి మూడు.

మొదటిది, వేరే లోహం తోడు. రెండు రకాల లోహాలు ఒకదానికొకటి తగిలి, ఆ చోట తడి ఉంటే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. మెగ్నీషియం, జింక్, అల్యూమినియం, మామూలు స్టీల్, సీసం, ఇత్తడి, రాగి, స్టెయిన్‌లెస్ స్టీల్, గ్రాఫైట్ - ఈ వరుసలో ముందున్నది కరిగిపోతుంది, వెనకున్నది నిక్షేపంగా ఉంటుంది. వరుసలో అల్యూమినియం ఎక్కడుందో చూశారుగా. పడవలో మనం వాడే లోహాల్లో జింక్, మెగ్నీషియం తప్ప ఏది తగిలినా నష్టం దానికే.

రెండోది, గాలి ఆడని తడి. తడిసిన కార్పెట్, నీళ్లు పీల్చిన ఫోమ్, కుళ్లిన ఆకులు రేకుకి అంటుకుని ఉంటే ఆక్సైడ్ పొర మళ్లీ కట్టుకోవడానికి గాలి అందదు. వేరే లోహం ఏదీ లేకపోయినా గుంటలు పడతాయి. మూడోది కరెంటు లీకు. దాని సంగతి వైరింగ్ దగ్గర చెప్తాను.

ఉప్పు నీళ్లలో ఇవన్నీ చాలా వేగంగా జరుగుతాయి. టెక్సస్‌లో సముద్రానికి ఆనుకుని ఉన్న గాల్వెస్టన్ బేలో తిప్పేవాళ్లకి ఈ మాట కొత్తేం కాదు. డల్లాస్ వైపు వాళ్లు మాత్రం "మాది మంచినీటి చెరువే" అని ధీమాగా ఉంటారు. లేక్ టెక్సోమాకి వెళ్లేవాళ్లు ఆ ధీమా వదులుకోవాలి. రెడ్ రివర్ ఎగువన ఉన్న సహజమైన ఉప్పు ఊటల వల్ల ఆ నీళ్లలో మిగతా చెరువుల కంటే ఉప్పు ఎక్కువ. సముద్రం నుంచి నదుల్లోకి ఎదురెక్కే స్ట్రైప్డ్ బాస్ చేప అక్కడ తనంతట తానే గుడ్లు పెట్టి పెరగడానికి ఆ ఉప్పదనం కూడా ఒక కారణం.

1. పడవని ఖాళీ చేసి, కడిగి, పరీక్షించండి

లోపల ఉన్నవన్నీ తీసెయ్యండి. పాత కార్పెట్, దాని జిగురు, పాత చెక్క, ఏదీ ఉంచొద్దు. జిగురు గీకడానికి ప్లాస్టిక్ గరిటె వాడండి. మొండిగా ఉన్న చోట స్టెయిన్‌లెస్ తీగల బ్రష్ పర్లేదు. మామూలు ఇనప బ్రష్, స్టీల్ ఉన్ని మాత్రం ఇందులో పెట్టొద్దు. వాటి నుంచి రాలే ఇనప నలుసులు అల్యూమినియంలో గుచ్చుకుపోయి, తర్వాత ఒక్కో నలుసూ ఒక్కో గుంటకి మొదలవుతుంది.

కడిగి ఆరబెట్టాక తెల్లటి పొడి ఉన్న చోట్లని మార్కర్‌తో చుట్టండి. పొడిని తుడిచి, కింది గుంటని మొనదేలిన పుల్లతోనో సన్నటి పనిముట్టుతోనో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే శుభ్రం చేసి ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) ప్రైమర్ వేస్తే చాలు. మెత్తగా లోపలికి దిగితే అక్కడ రేకు అయిపోయినట్టే. లోపల పైపూత పుయ్యడం కాదు, 5052 రకం అల్యూమినియం ముక్కతో అతుకు వేయించుకోవాలి.

తర్వాత పడవని ట్రైలర్ మీదే ఉంచి, డ్రెయిన్ ప్లగ్ బిగించి, లోపల రెండు మూడు అంగుళాల నీళ్లు పట్టండి. అంతకంటే ఎక్కువ వద్దు, ఆ బరువుకి ట్రైలర్, అడుగు రేకు రెండూ ఇబ్బంది పడతాయి. కిందికి దూరి ఏ రివెట్ చెమరుస్తోందో చూసి గుర్తు పెట్టుకోండి. డెక్ వేసేశాక కారే రివెట్‌ని పట్టుకోవడం తలకి మించిన పని.

అడ్డబల్లల కింద ఉండే ఫోమ్‌ని అడ్డంగా ఉందని పారేయొద్దు. పడవలో నీళ్లు నిండినా పూర్తిగా మునగకుండా పట్టుకునేది అదే. 20 అడుగుల లోపు మామూలు పడవలకి అలా తేలే ఏర్పాటు ఉండాలని అమెరికా కోస్ట్ గార్డ్ నియమం తయారీదారులకి ఉంది. ఒక ముక్క తీసి చేత్తో ఎత్తి చూడండి. దూదిలా తేలిగ్గా ఉండాల్సింది బరువుగా ఉంటే నీళ్లు తాగిందని అర్థం. అలాంటిది తీసేసి, అంతే పరిమాణంలో గట్టి ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ బోర్డులు పెట్టండి. అడుగు రేకుకి ఆనకుండా కింద కాస్త సందు వదలండి. డబ్బాలో వచ్చే పోత ఫోమ్ నాకు నచ్చదు. సందుల్లోకి పొంగి, నీళ్లు వెనక్కి పారే దారుల్ని మూసేస్తుంది.

2. సరుకు ఎంచుకోవడం

సగం పడవలు పాడయ్యేది ఇక్కడే, షాపులో నిలబడి ఉన్నప్పుడే.

ఆకుపచ్చ ఛాయతో ఉండే ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ వద్దు. చెద, బూజు పట్టకుండా దానికి ఎక్కించే మందులో ప్రధానమైనది రాగి. 2003 చివరి దాకా ఇళ్ల కోసం అమ్మిన పాత రకంలో రాగితో పాటు క్రోమియం, ఆర్సెనిక్ ఉండేవి. విషమని దాన్ని ఆపేశారు. దాని స్థానంలో వచ్చిన ఏసీక్యూ లాంటి రకాల్లో రాగి పాలు ఇంకా ఎక్కువ. చెక్క తడిసినప్పుడల్లా రాగి కొద్దికొద్దిగా ఊరి రేకు మీదకి చేరుతుంది. అల్యూమినియానికి రాగి ఎంత శత్రువో పై వరుసలో చూశారు. రంగు వేస్తే సరిపోదా అని అడుగుతారు. ఒక్క స్క్రూ రంధ్రం దగ్గర రంగు లేచినా చాలు, లోపల ఉన్న రాగికి అదే దారి. అలాంటి బెడదని డబ్బిచ్చి ఎందుకు తెచ్చుకోవడం?

దాని బదులు మూడు దారులున్నాయి.

ఉప్పు నీళ్లలో తిప్పేవాళ్లయితే చెక్క మాటే మర్చిపోయి డెక్ మొత్తం అల్యూమినియంతోనే కట్టండి: ఫ్రేముకి 6061 రకం యాంగిల్ (L ఆకారపు పట్టీ), పైన 5052 రకం రేకు. ఖర్చు ఎక్కువే, కానీ డెక్ మొత్తానికి పనికొచ్చే సరుకుల్లో హల్‌తో, అంటే పడవ ఒంటితో, గొడవ పడనిది అదొక్కటే.

మంచినీటికైతే ట్రీట్ చెయ్యని ప్లైవుడ్ చాలు. మెరైన్ ప్లైవుడ్ దొరికితే మంచిది. ఇంగ్లండ్ ప్రమాణం బీఎస్ 1088, మన దేశంలో కొనేవాళ్లయితే ఐఎస్ 710 ముద్ర చూసుకోండి. మెరైన్ అన్న పేరుని చూసి అది నీళ్లకి కుళ్లదనుకోకండి. పొరల మధ్య జిగురు ఊడదు, లోపల ఖాళీలు ఉండవు, అంతవరకే ఆ పేరు ఇచ్చే హామీ. చెక్క చెక్కే. ఎపాక్సీ పూత వెయ్యాల్సిందే. ఆ పూత సరిగ్గా వేసే ఓపిక ఉంటే వాటర్‌ప్రూఫ్ జిగురు ఉన్న బయటి రకం ప్లైవుడ్‌తో కూడా పని నడుస్తుంది.

మూడోది ప్లాస్టిక్ బోర్డు. తుప్పు బాధ అసలు లేదు కానీ బరువెక్కువ, ఎండకి వంగుతుంది. చిన్న మూతలకి బాగుంటుంది, డెక్ మొత్తానికి నేను చెప్పను.

కొనే ముందు పడవ వెనక భాగంలో కొట్టి ఉన్న కెపాసిటీ ప్లేటు చదవండి. అర అంగుళం మందం, నాలుగుకి ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కటే 20 కిలోల దాకా తూగుతుంది. డెక్ బరువంతా మీరు మోయగలిగే మనుషుల లెక్కలోంచే పోతుంది.

3. ఫ్రేము

ఇళ్ల కట్టడంలో వాడే మందపాటి చెక్కలతో ఫ్రేము కట్టడం చూస్తుంటాం. అవి నీళ్లు పీల్చి, ఆరక, రేకుని ఆనుకుని కూర్చుంటాయి. అల్యూమినియం యాంగిల్ వాడండి. తేలిక, పైగా హల్‌కీ దానికీ మధ్య గొడవ ఉండదు.

కొలతలు గీసేటప్పుడు పెన్సిల్ వాడకండి. పెన్సిల్ ముల్లు గ్రాఫైట్, వరుసలో అల్యూమినియానికి ఆ చివర ఉన్నది. విమానాల రేకు మీద పెన్సిల్‌తో గీయొద్దని మెకానిక్‌లకి ప్రత్యేకంగా నేర్పేది ఇందుకే. ఫెల్ట్ మార్కర్ వాడండి.

ఫ్రేముని అడ్డబల్లలకీ, పక్కనుండే రిబ్స్‌కీ (రేకుకి బలాన్నిచ్చే లోపలి పట్టీలు) బిగించండి. నీటి మట్టానికి కింద ఉండే రేకుకి ఒక్క రంధ్రం కూడా పెట్టొద్దు. యాంగిల్ అడుగు రిబ్ మీదుగా వెళ్లే చోట నీళ్లు వెనక్కి పారే సందు మూసుకుపోకుండా చూడండి. రివెట్లు మొత్తం అల్యూమినియంవే అయి ఉండాలి, మూసిన మొన ఉన్నవి. చవక పాప్ రివెట్లలో ఒళ్లు అల్యూమినియం, మధ్య పుల్ల ఇనుము ఉంటుంది. ఆ పుల్ల తల రివెట్ లోపలే ఉండిపోతుంది. ప్యాకెట్ మీద చూసి కొనండి, లేదా అయస్కాంతం పెట్టి చూడండి.

డ్రిల్లింగ్ అయిపోయాక వ్యాక్యూమ్ పెట్టి మొత్తం పీల్చెయ్యండి. అదే గరాజ్‌లో ఇనుము కోస్తే ఆ పొడి పడవలో పడకుండా ముందే పాత దుప్పటి కప్పండి.

4. ప్లైవుడ్‌కి పూత

ముక్కలన్నీ కోసి, పడవలో పెట్టి, సరిపోయాయని చూసుకున్నాకే పూత. పూత వేశాక కొయ్యడం అంటే కొత్త అంచుని నీళ్లకి అప్పగించడం.

ఆరు వైపులా ఎపాక్సీ, కనీసం మూడు కోట్లు. అడుగు వైపు ఎవరూ చూడరని వదిలేసేవాళ్లున్నారు. రేకు వైపు ఉండేది, తడి తగిలేది ఆ వైపే. అంచులు అన్నిటికంటే ఎక్కువ తాగుతాయి. మొదటి కోటు వేసిన పది నిమిషాలకి చూస్తే పొడిబారి ఉంటాయి, మళ్లీ పుయ్యండి, తాగడం ఆపేదాకా. కొన్ని ఎపాక్సీలు ఆరాక పైన మైనంలా జిడ్డు తేలుతుంది. దాన్ని నీళ్లతో, గరుకు ప్యాడ్‌తో కడిగి, ఆరాక గీకి, అప్పుడు తర్వాతి కోటు వెయ్యండి. జిడ్డు మీద వేసిన పూత పెచ్చులుగా ఊడుతుంది.

స్క్రూ రంధ్రాల దగ్గర ఓపిక పట్టండి. పావు అంగుళం బోల్ట్ పెట్టాలంటే ముందు అర అంగుళం రంధ్రం వెయ్యండి. కింద టేపు అంటించి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో నింపండి. మర్నాటికి రాయిలా గట్టిపడుతుంది. దాని మధ్యలో అసలు రంధ్రం తొలవండి. ఇప్పుడు బోల్ట్ చుట్టూ ఉన్నది చెక్క కాదు, ఎపాక్సీ గొట్టం. నీళ్లు రంధ్రంలోకి దిగినా చెక్కకి చేరవు. ఇరవై ముప్పై రంధ్రాలకి ఇలా చెయ్యడం విసుగే. కానీ ప్లైవుడ్ కుళ్లడం ఎప్పుడూ రంధ్రం దగ్గరే మొదలవుతుంది.

ఎపాక్సీ ఎండకి నిలవదు, కొన్ని నెలల్లో పాలిపోయి పొడిబారుతుంది. పైన రంగు తప్పనిసరి. ఒక్క జాగ్రత్త: పడవ అడుగుకి నాచు పట్టకుండా వేసే రంగుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. అల్యూమినియం పడవ మీద అలాంటిది ఎక్కడా వాడకూడదు.

5. బిగించడం

ఇత్తడి స్క్రూలు వద్దు. ఇంటి లోపల, తడి తగలని చోట వాడే నల్ల స్క్రూలు అసలే వద్దు. స్టెయిన్‌లెస్ వాడక తప్పదు. వరుస ప్రకారం అది కూడా అల్యూమినియానికి శత్రువే కదా అంటారా? శత్రువే. కాకపోతే పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ అయితే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. పెద్ద స్టెయిన్‌లెస్ పలకని చిన్న అల్యూమినియం రివెట్‌తో పట్టి ఉంచితే మాత్రం ఆ రివెట్ ఎంతోకాలం ఉండదు. మంచినీటికి 304 రకం స్టెయిన్‌లెస్ చాలు, ఉప్పు గాలి తగిలే చోట మాలిబ్డినమ్ కలిపిన 316 తీసుకోండి. కాకినాడ, విశాఖ వైపు ఫైబర్ బోట్లకి డెక్ వేసుకునేవాళ్లకి రేకు బాధ లేదు కానీ, 316 బోల్ట్‌లు, ఎపాక్సీ నింపిన రంధ్రాలు అన్న రెండు మాటలూ వాళ్లకీ పనికొస్తాయి.

బిగించే ముందు రెండు లోహాల్నీ విడదీయండి. స్క్రూ మరలకి టెఫ్-జెల్, డ్యూరాలాక్, లానోకోట్ లాంటి, లోహాల మధ్య అడ్డుగా నిలిచే పేస్టుల్లో ఏదో ఒకటి పట్టించండి. తల కింద నైలాన్ వాషర్ పెట్టండి. యాంగిల్‌కీ ప్లైవుడ్‌కీ మధ్య దళసరి ప్లాస్టిక్ టేపు అంటించండి, పాలీఎథిలీన్‌ది అయితే రాపిడికి చిరగదు, రోజంతా వచ్చే కిరకిర చప్పుడు కూడా పోతుంది. కారు పని కోసం కొన్న, మరలు పట్టెయ్యకుండా పూసే రాగి రంగు యాంటీ-సీజ్ డబ్బా గరాజ్‌లో ఉంటే దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అందులో ఉండేది రాగి, గ్రాఫైట్.

సీలెంట్ కావాల్సిన చోట పాలీయురిథేన్‌ది వాడండి. బాత్రూమ్ సిలికాన్ మూత తియ్యగానే వెనిగర్ వాసన వస్తుందంటే ఆరేటప్పుడు ఎసిటిక్ ఆసిడ్ వదులుతుందన్నమాట, లోహం పక్కన అది వద్దు. డెక్ పలకల్ని సీలెంట్‌తో అంటించెయ్యకండి. బోల్ట్‌లు విప్పితే పలక చేతికొచ్చేలా ఉండాలి. రెండు మూడు ముక్కలుగా చేసుకుంటే ఒక్కరే ఎత్తగలరు.

పైన కార్పెట్ వెయ్యాలా? నా సలహా వద్దనే. రంగులో ఇసుక రేణువులు కలిపి వేస్తే జారదు, తడిసినా పది నిమిషాల్లో ఆరుతుంది. కార్పెట్ మీద మనసుంటే పై వైపు వరకే అంటించండి. అంచుల మీదుగా కిందికి మడిచి పిన్నులు కొడితే తడి గుడ్డని రేకుకి చుట్టిపెట్టినట్టే.

6. వైరింగ్

డెక్ కిందే బ్యాటరీ పెట్టే అలవాటు ఉంది కాబట్టి ఈ మాట. ప్రతి లైటుకీ, ప్రతి పంపుకీ రెండు వైర్లు వెళ్లాలి, రెండూ బ్యాటరీ దాకా తిరిగి రావాలి. కారులోలాగా నెగటివ్‌ని బాడీకి తగిలించే పద్ధతి పడవలో వద్దు. హల్ గుండా పారే కొద్దిపాటి కరెంటు, పై రెండు కారణాలు ఏళ్లకి చేసే నష్టాన్ని వారాల్లో చెయ్యగలదు. కళాయి పూసిన రాగి వైరు కొనండి. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజ్ పెట్టండి. వైర్లు రేకు అంచుల మీద రాసుకోకుండా రబ్బరు గ్రొమెట్ పెట్టండి.

అయ్యాక మల్టీమీటర్‌తో చూడండి. ఔట్‌బోర్డ్ మోటార్ ఉంటే దాని కేబుళ్లు ముందు విప్పెయ్యండి, ఎందుకంటే మోటార్ ఒళ్లే నెగటివ్, అది వెనక పలకకి బిగించి ఉంటుంది. ఇప్పుడు స్విచ్‌లన్నీ వేసి, బ్యాటరీ పాజిటివ్‌కీ హల్‌కీ మధ్య, తర్వాత నెగటివ్‌కీ హల్‌కీ మధ్య వోల్టేజ్ చూడండి. ఏ ఒక్క దాంట్లోనైనా 12 వోల్టుల దరిదాపుల్లో వస్తే ఎక్కడో వైరు హల్‌కి తగులుతోంది. ఒక్కో ఫ్యూజ్ తీస్తూ పోతే ఏ లైనో తెలుస్తుంది.

7. ఆ తర్వాత

జింక్ ముక్క బిగిస్తే డెక్ కూడా భద్రమని కొందరు అనుకుంటారు. పడవ బదులు తాను కరిగిపోయే ఇలాంటి ముక్కని యానోడ్ అంటారు. అది నీళ్లలో మునిగి ఉన్న లోహాన్నే కాపాడుతుంది, డెక్ కింద తడిసిన స్క్రూకి దాని వల్ల లాభం లేదు. పడవని నీళ్లలోనే కట్టి ఉంచేవాళ్లకి మాత్రం యానోడ్ అవసరం: మంచినీటికి మెగ్నీషియం, ఉప్పు తక్కువగా కలిసిన నీళ్లకి అల్యూమినియం, సముద్రానికి జింక్ లేదా అల్యూమినియం. దాని మీద రంగు వెయ్యకండి, సగం అరిగాక మార్చండి.

ఇంటికొచ్చాక ప్లగ్ తీసి, ముందు భాగం ఎత్తుగా పెట్టి, మూతలు తెరిచి ఉంచండి. ఉప్పు నీళ్లకి వెళ్తే అదే రోజు మంచినీళ్లతో లోపలా బయటా కడగాలి. డెక్ కింద జారిపడిన సీసం గుండ్లు, ఇత్తడి గాలపు సామాను, చిల్లర నాణేలు ఏరెయ్యండి. పెన్నీ (అమెరికా ఒక సెంటు నాణెం) మీద రాగి పూత ఉంటుంది, 1982కి ముందువి దాదాపు మొత్తం రాగే. తడిలో ఒకే చోట పడి ఉంటే దాని కింద రేకు మీద గుంట పడుతుంది.

ఏడాదికోసారి, సీజన్ మొదలయ్యే ముందు, డెక్ పలకలు విప్పి టార్చిలైట్ వేసి చూడండి. అదే రోజు ట్రైలర్ మీద పడవ ఆనే పొడవాటి చెక్కల్ని కూడా చూడండి. అవి చాలాసార్లు ట్రీటెడ్ చెక్కే, పైన కార్పెట్ చుట్టి ఉంటుంది. పడవ ఎక్కువకాలం ఉండేది నీళ్లలో కాదు, ఆ తడి కార్పెట్ మీదే. వాటిని ట్రీట్ చెయ్యని చెక్కతో మార్చి ఎపాక్సీ వెయ్యండి, కార్పెట్ బదులు ప్లాస్టిక్ పట్టీలు బిగించండి. పట్టీల స్క్రూ తలలు ప్లాస్టిక్‌లోకి బాగా దిగి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసుకోండి.